ఒక్క పేరిత మొక్కను నమ్ముకుని పరిశోధన చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరంలో ఉంది. శేషాచలం కొండల్లోని పేరితపై జెనెటిక్ మార్కర్లతో పరిశోధన చేస్తానంటోంది. ఒక్క మొక్కను నమ్ముకుంటే బతుకుదెరువు ఉంటుందా? – ఒక తండ్రి, రాజంపేట

జవాబు: మొక్క అరుదైనదే గానీ, దానిపై నేర్చుకునే పనికి గిరాకీ ఉంది. పేరిత, అంటే సైకస్ బెడ్డోమై, కడప, తిరుపతి ప్రాంతపు కొండలకే పరిమితమైన జాతి. అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో దీని పేరుంది. ఆడ, మగ చెట్లు వేరువేరు కావడం, మందుల కోసం పుప్పొడినిచ్చే మగ శంకువులను (కోన్లను) కోసుకుపోవడం వల్ల, ఒక కొండ మీది గుంపుకు పక్క కొండ నుంచి పుప్పొడి అందుతోందా లేదా అన్నది తేల్చవలసిన ప్రశ్న అవుతుంది.

పేరిత వంటి సైకస్ మొక్కల జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, చాలా పెద్దది. 2022లో చైనా జాతి ఒకదానికి ప్రచురించిన జీనోమ్ సుమారు 1,050 కోట్ల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు), అంటే మనిషి జీనోమ్‌కు మూడు రెట్లకు పైమాటే. అందుకే ప్రతి చెట్టునూ పూర్తిగా చదవకుండా, సీఏ-సీఏ-సీఏ అని అవే అక్షరాలు వరుసగా వచ్చే మైక్రోశాటిలైట్లను వెతికి, వాటికి అటూ ఇటూ అతుక్కుని, ఆ ముక్కను మాత్రమే నకళ్లు తీయడానికి వీలు కల్పించే చిన్న డీఎన్ఏ పోగులను, అంటే ప్రైమర్లను, తయారు చేస్తారు. ఒక చెట్టులో ఆ జంట పన్నెండుసార్లు, మరోదానిలో పదిహేనుసార్లు రావచ్చు; ఆ తేడాయే మార్కర్. అయితే ప్రైమర్ అతుక్కునే చోటే మార్పు ఉంటే, తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఒకటి అసలు కనబడదు, అప్పుడు ఆరోగ్యంగా ఉన్న గుంపు కూడా అంతఃప్రజననంతో (దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తితో) క్షీణించినట్టు లెక్క తేలుతుంది. కొత్తవారు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి అమ్మాయి ల్యాబ్ పనితో సమానంగా గణాంకశాస్త్రం, గణాంకాలకు వాడే ఆర్ (R) అనే భాషలో ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి.

ఎమ్మెస్సీకి సీయూఈటీ-పీజీ, జామ్, గ్యాట్-బి ప్రవేశ పరీక్షల దారులున్నాయి. తరవాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర సంస్థ, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ (ఎన్‌బీఆర్ఐ) వంటివి ఈ రంగానికి దగ్గరివి. శాశ్వత శాస్త్రవేత్త కొలువులు తక్కువేనని దాచను. కానీ హైబ్రిడ్ విత్తనాల స్వచ్ఛతను తేల్చడానికి విత్తన కంపెనీల ల్యాబులు వాడేదీ ఈ మార్కర్లనే.

ఒక చిన్న జాగ్రత్త: రక్షిత అడవిలో ఆకు కోయాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు పేరితపైనే అనుకుంటే, ఆ దరఖాస్తును గైడ్ ద్వారా మొదటి సెమిస్టర్‌లోనే పెట్టించమనండి.