కత్తి విరుగుతోందని కొత్త ప్రింటర్ కొనకండి

బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో మీరు చెక్కిన యోధుడి బొమ్మ తెర మీద బ్రహ్మాండంగా ఉంది, రెజిన్‌లో (వెలుతురు తగిలితే గట్టిపడే ద్రవం) 3డి ప్రింట్ తీస్తే మాత్రం కత్తి విరిగిపోతోంది, ముఖం నున్నగా వస్తోంది, ఇంకా మంచి ప్రింటర్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. మేము బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆటకి నాలుగేళ్లుగా బొమ్మలన్నీ నేనే చేస్తున్నాను. మొదట్లో నాకూ ఇదే జరిగింది. లోపం చాలాసార్లు మోడల్‌లోనే ఉంటుంది.

ఒక్క లెక్క వేసి చూడండి. 32 మి.మీ. స్కేల్ అంటే మామూలుగా పాదాల నుంచి కళ్ల దాకా ఉన్న ఎత్తు. మనిషికి ఆ ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే, బొమ్మలో ప్రతిదీ 50వ వంతు అవుతుంది. అసలు కత్తి మందం 5 మి.మీ. అయితే బొమ్మలో 0.1 మి.మీ. మాత్రమే. ప్రింటర్ ఒకదాని మీద ఒకటి వేసే పొర, అంటే లేయర్, మనం వాడేది 0.05 మి.మీ., అంటే కత్తి మొత్తం రెండు లేయర్ల మందం! ప్రింట్ అయ్యాక ఆల్కహాల్‌తో కడిగేటప్పుడు బ్రష్ తగిలినా ఊడిపోతుంది. నేను కత్తిని 0.8 మి.మీ. కన్నా సన్నగా ఉంచను, బల్లెం కర్ర అయితే 1.2 ఉండాల్సిందే. తెర మీద మొద్దుగా కనిపిస్తుంది, చేతిలోకి వచ్చాక సరిగ్గా కత్తిలాగే ఉంటుంది.

ముఖమూ అంతే. 3 సెం.మీ. కన్ను 0.6 మి.మీ. అయిపోతుంది. అందుకే కనుబొమల గట్టు ఎత్తుగా, కంటి గుంట లోతుగా చెక్కాలి. మీసాన్ని వెంట్రుక వెంట్రుకగా చెక్కితే ఏమీ మిగలదు, రెండు మూడు పాయలుగా తియ్యండి. చెక్కుతూ మధ్యమధ్యలో బొమ్మని మీ బొటనవేలి పైకణుపు అంత అయ్యేదాకా జూమ్ తగ్గించి చూడండి. అక్కడ కనపడని గీత రంగు వేసేటప్పుడూ కనపడదు.

ఇక సపోర్టుల సంగతి, అంటే ప్రింట్ అయ్యేటప్పుడు బొమ్మని పట్టి ఉంచే సన్నని ఊతపుల్లలు. బొమ్మని నిటారుగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీలు వెనక్కి వాల్చండి, సపోర్టుల మచ్చలు వీపు వైపు పడతాయి. స్లైసర్‌లో (మోడల్‌ని లేయర్లుగా కోసే సాఫ్ట్‌వేర్) లేయర్లు ఒక్కొక్కటే జరుపుతూ, కింద ఏ ఆధారం లేకుండా గాల్లో మొదలయ్యే చుక్కలున్నాయేమో వెతకండి. గడ్డం కొన, మోచెయ్యి, వేళ్లు ఎక్కువగా అలా మొదలవుతాయి. వాటికి సపోర్టు మీరే చేత్తో పెట్టాలి, ఆటో సపోర్టులని నమ్ముకోకండి.

సాధన కోసమైతే పులిజూదం బొమ్మలు చెక్కమంటాను. మూడు పులులు, పదిహేను మేకలు. ఆకారాలు సులువు, పైగా ఇంట్లో అందరూ ఆడతారు. ఈ రకం ప్రింటర్‌లో సమయం ఎత్తుని బట్టి ఉంటుంది కాబట్టి, ప్రింటర్ ప్లేటు మీద చోటు సరిపోతే పదిహేను మేకలైనా ఒక్క మేకకి పట్టే సమయంలోనే వచ్చేస్తాయి. నేను రెజిన్ మిగులుతుందని పులులని లోపల బోలుగా చేశాను, కానీ రెజిన్ కారడానికి రంధ్రం పెట్టలేదు. మూడు నెలలకి ఒక పులి డొక్క పగిలి జిగట కారింది, అప్పటికి రంగులన్నీ వేసేశాను. చాలా బాధేసింది. ఇంత చిన్న బొమ్మలని బోలు లేకుండా నిండుగానే ప్రింట్ చెయ్యండి.

రెజిన్ విషయంలో, మామూలు దానిలో పదో వంతు ఫ్లెక్సిబుల్ రకం కలిపితే కత్తులు విరక్కుండా వంగుతాయి. కడిగాక ఎండలో ఎక్కువసేపు వదిలేయకండి, మరీ ఎండితే పెళుసైపోతుంది. చలికాలంలో రాత్రిపూట రెజిన్ చిక్కబడి ప్రింట్లు ఊడిపోతాయి, అప్పుడు మూత బిగించిన సీసాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి. గట్టిపడని రెజిన్ చర్మానికి తగలకూడదు, నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి, కిటికీ తెరిచి ఉంచండి. బొమ్మలు కడగగా మిగిలిన ఆల్కహాల్‌ని సింకులో మాత్రం పొయ్యకండి.

ముందు ఇప్పుడున్న బొమ్మలోనే కత్తి మందం ఒక్కటే 0.8కి పెంచి, మిగతావేవీ మార్చకుండా మళ్లీ తీసి చూడండి.