సున్నా కంటే తక్కువ చలిలోనూ వాన నీరుగానే ఎందుకు పడుతుంది?

థర్మామీటరు సున్నా కంటే తక్కువ చూపిస్తున్నప్పుడు కూడా వాన నీటి రూపంలోనే ఎలా పడుతుందని, అలా పడి గడ్డకట్టే వాన మంచు కురవడానికీ వడగళ్లకూ ఎలా వేరని మీరు అడిగారు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఈ విషయం నాకు నిజంగా బోధపడింది ఒక శీతకాలపు రాత్రి, ఒకే మేఘాల కింద నాలుగు రకాల అవపాతం ఒకదాని తర్వాత ఒకటి పడటం చూసినప్పుడే. కనుక ఆ రాత్రి జరిగిన వరుసలోనే చెబుతాను.

ముందుగా మాటల గురించి ఒక మాట. గడ్డి మీది తడికీ, తెల్లవారుజామున కమ్ముకునే పొగకూ, ఆకాశం నుంచి రాలే తెల్లని రేకులకూ మనం ‘మంచు’ అనే అంటాం కాబట్టి ఈ చర్చలో గందరగోళం సహజం. ఇక్కడ రాలే రేకులను మాత్రమే మంచు అని, గట్టిపడిన నీటిని ఐస్ అని రాస్తున్నాను. స్లీట్ అనే మాటతోనూ చిక్కే: అమెరికాలో దానికి ఐస్ గుళికలని అర్థం, బ్రిటన్‌లో వానా మంచూ కలిసి పడటమని అర్థం. అందుకే ఆ మాట వాడను.

ఆ సాయంత్రం మొదట మంచు పడింది. మేఘం నుంచి నేల దాకా గాలి అంతా సున్నా కంటే చల్లగా ఉన్నందువల్ల రేకులు కరగకుండానే కిందికి చేరాయి. అర్ధరాత్రి దాటాక కిటికీ అద్దం మీద ఇసుక చల్లినట్టు చిటపట చప్పుడు మొదలైంది. గుమ్మం ముందు చిన్న చిన్న ఐస్ గుళికలు పడి ఎగురుతున్నాయి. పైన వెచ్చని గాలి పొర ఒకటి వచ్చి చేరిందని దాని అర్థం. వెచ్చని గాలి తేలిక కాబట్టి నేలను అంటిపెట్టుకున్న చల్లగాలిని తోసేయలేక దాని మీదుగా పాకుతుంది. ఆ పొర స్వల్పంగా వెచ్చగా, అంటే ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే రేకు సగమే కరుగుతుంది. బొట్టులో మిగిలిపోయిన ఐస్ పలుకు విత్తనంలా పనిచేసి, కింది చల్లని పొరలోకి రాగానే బొట్టంతటినీ మళ్లీ గడ్డకట్టిస్తుంది. చూడటానికి వడగళ్లలా ఉన్నా ఈ గుళికలకూ వడగళ్లకూ సంబంధం లేదు. వడగళ్లు ఉరుముల మేఘాల్లో, బలంగా పైకి లేచే గాలి ఎత్తి పట్టుకోగా పొర మీద పొర పెరిగేవి, ఎక్కువగా వెచ్చని కాలంలో పడేవి.

ఇంకొంతసేపటికి చప్పుడు ఆగిపోయింది. గడ్డు సమయం గడిచిందనుకుని నేను బయటికి నడిచాను. థర్మామీటరు అప్పటికీ మైనస్ 2 డిగ్రీల దగ్గరే ఉంది. రెండో మెట్టు మీదే జారి పడ్డాను, మణికట్టు ఎముక చిట్లింది. చప్పుడు ఆగింది వాన ఆగినందువల్ల కాదు, గుళికలు నీటిబొట్లుగా మారినందువల్ల. అందుకే చలి సున్నా కంటే తక్కువగా ఉండగా చిటపటలు ఆగిపోతే అడుగు బయట పెట్టవద్దని అందరికీ చెబుతుంటాను.

జరిగిందేమిటంటే, పైనున్న వెచ్చని పొర మూడు డిగ్రీలు దాటేంతగా, మందంగా పెరిగింది. నేల దగ్గరి చల్లని పొర కొన్ని వందల మీటర్లకు పలుచబడింది. రేకు పూర్తిగా కరిగితే బొట్టులో పలుకేమీ మిగలదు. గడ్డకట్టడం మొదలవడానికి ఏదో ఒక ఆధారం లేకపోతే నీరు సున్నా కంటే కిందికి చల్లబడినా నీరుగానే ఉండగలదు; శుద్ధమైన సన్నని తుంపరలు సుమారు మైనస్ 38 డిగ్రీల వరకూ అలా నిలవగలవు. అలాంటి అతిశీతల జలమే కిందికి వచ్చి, తగిలిన చోట గడ్డకడుతుంది. దీన్నే ఫ్రీజింగ్ రెయిన్ అంటారు.

మెట్టు మీద కూర్చుండిపోయి, పక్కనున్న ఇనుప కమ్మీ మీద బొట్లు పడటం చూశాను. పడిన బొట్టు వెంటనే గట్టిపడలేదు. కాస్త పరుచుకుని, కమ్మీ వంపు చుట్టూ పాకి, అప్పుడు అద్దంలా నిలిచింది. కారణం గుప్తోష్ణం, అంటే నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కెలోరీలు విడుదలవుతాయి, దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక్క కెలోరీ చాలు. కాబట్టి మైనస్ 4 డిగ్రీల బొట్టులో ఇరవయ్యో వంతు గడ్డకట్టేసరికే మిగతాదంతా సున్నా డిగ్రీలకు చేరుతుంది. ఆ పైన ఇనుముకూ గాలికీ వేడిని వదులుకుంటూ మెల్లగా గట్టిపడాల్సిందే. ఆ వ్యవధిలో గాలి బుడగలు తప్పించుకుంటాయి కనుకే ఆ ఐస్ అంత పారదర్శకంగా ఉంటుంది, రోడ్డు మీద కంటికి కనిపించదు.

ఇదే గుప్తోష్ణం ఫ్రీజింగ్ రెయిన్‌కు హద్దు కూడా పెడుతుంది. గడ్డకట్టే నీరు వదిలే వేడి నేల దగ్గరి గాలిని సున్నా వైపు లాగుతుంది కాబట్టి సాధారణంగా కొన్ని గంటల్లోనే అది మామూలు వానగా మారుతుంది. కొత్త చల్లగాలి ఆగకుండా అందే చోట మాత్రం ఆ హద్దు పనిచేయదు. 1998 జనవరిలో కెనడాలోని సెయింట్ లారెన్స్ నదీలోయలో జరిగింది అదే: చల్లగాలి లోయలో తిష్ఠవేయగా రోజుల తరబడి ఇలాంటి వాన పడి, మాంట్రియల్ ప్రాంతంలో మొత్తం సుమారు 100 మిల్లీమీటర్లకు చేరింది, విద్యుత్ టవర్లు వరుసగా కూలిపోయాయి. ఆ బరువు ఊహకు అందాలంటే లెక్క వేసి చూడండి. 3 సెంటీమీటర్ల మందం ఉన్న తీగ చుట్టూ అన్ని వైపులా 3 సెంటీమీటర్ల ఐస్ పేరుకుంటే మీటరుకు సుమారు 5 కిలోలు. 300 మీటర్ల దూరంలో ఉన్న రెండు టవర్ల మధ్య ఒక్క తీగ మీదే ఒకటిన్నర టన్నులు.

ఒక మినహాయింపు చెప్పాలి. గడ్డకట్టే సన్నని జల్లుకు పైన వెచ్చని పొర ఉండనవసరం లేదు. లోతు తక్కువ మేఘంలో అతిశీతల తుంపరలు ఒకదానితో ఒకటి ఢీకొని కలిసిపోతూ, ఎన్నడూ మంచు కాకుండానే కిందికి దిగుతాయి. విమానాల రెక్కలకు ఇవి చాలా ప్రమాదకరం.

ఆ రాత్రి తెల్లవారేసరికి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి చేరి, నాలుగోదైన మామూలు వాన మొదలైంది. ఇంటి ముందు చెట్టు రెమ్మల నుంచి ఐస్ తొడుగులు ఊడి పడుతున్నాయి. బాగున్న చేత్తో ఒకటి తీసి చూస్తే, లోపలి వైపు రెమ్మ బెరడు గీతలూ, ఒక మొగ్గ ఉన్న గుంటా అచ్చుపోసినట్టు ఉన్నాయి.