ఇంకు బుడ్డీలు ఎన్నుంటే చాలు?

పోయిన సంచికలో ఫౌంటెన్ పెన్నుల మీద నాలుగు ముక్కలు రాస్తే గోదావరి జిల్లాల నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. పెన్ను గురించి అడిగినవాళ్ల కంటే ఇంకు గురించి అడిగినవాళ్లే ఎక్కువ. అందుకని ఈసారి పేజీ మొత్తం ఇంకుకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేష్టారూ, ఒక జపాన్ నీలం ఇంకుతో మొదలుపెట్టాను, ఇప్పుడు బీరువాలో 40 బుడ్డీలు ఉన్నాయి. సగానికి సగం మూత కూడా తియ్యలేదు. మా ఆవిడ ఏమీ అనదు గానీ పార్శిల్ వచ్చినప్పుడల్లా నాకే గిల్టీగా ఉంటోంది, ఈమధ్య బ్యాంకు అడ్రసుకి తెప్పించుకుంటున్నాను. ఇది మానెయ్యాలంటారా?
(బ్యాంకు ఉద్యోగి, అమలాపురం)

జవాబు: మానక్కర్లేదండీ. ఇంకుల సరదా మంచి సరదా, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. అన్ని నీలాలూ ఒకటే కదా అనేవాళ్లు రెండు నీలాలు పక్కపక్కన రాసి చూడనివాళ్లు. ఒకటి పాళీ లోంచి ధారాళంగా దిగుతుంది, ఇంకోటి కాస్త బిగిసి పొడిగా రాస్తుంది. ఒకదాంట్లో అక్షరం మొదట్లో లేతగా ఉండి చివర ఇంకు ఆగిన చోట ముదురుతుంది, మన తెలుగు అక్షరాల్లో వంపులు ఎక్కువ కాబట్టి ఆ షేడింగ్ ఇంగ్లీషు రాతలో కంటే మన రాతలోనే బాగా తెలుస్తుంది, ఒకసారి 'ఖ' గానీ 'ఠ' గానీ వెడల్పు పాళీతో రాసి చూడండి. పైలట్ కంపెనీ 2007లో ఇరోషిజుకు అని ఒక వరస తెచ్చింది, జపాన్‌లోని పూలు, వానలు, వెన్నెల రాత్రులు, వీటి పేర్లే రంగులకి పెట్టారు. అప్పటి నుంచి లోకమంతా ఇంకుల మోజు బాగా పెరిగింది. సెయిలర్ వాళ్లయితే పేర్లు కూడా లేకుండా ఉత్త నంబర్లతో నూరు రంగులు తెచ్చారు, 20 మిల్లీలీటర్ల చిన్న బుడ్డీల్లో. లండన్‌లో 1864లో పుట్టి తర్వాత లివర్‌పూల్‌కి మారిన డయామైన్ దగ్గర అంతకంటే ఎక్కువ రంగులే ఉన్నాయి. ఇన్ని కళ్లముందు పెడితే మనసు లాగదా మరి, లాగుతుంది.

కాకపోతే ఒక లెక్క వేసుకుందాం. మామూలు కన్వర్టర్లో (పెన్నులో ఇంకు పీల్చి నింపుకునే చిన్న గొట్టం) ఇంచుమించు 0.8 మిల్లీలీటర్ పడుతుంది, కొన్నిట్లో ఇంకా తక్కువ. మీ 40 బుడ్డీలూ సగటున 40 మిల్లీలీటర్లు అనుకుంటే మొత్తం 1,600 మిల్లీలీటర్లు, అంటే 2,000 సార్లు నింపుకోవచ్చు. వారానికి ఒకసారి నింపేంత రాసేవాళ్లకి (ఈ రోజుల్లో అది చాలా ఎక్కువ రాయడమే) 38 ఏళ్లు సరిపోతుంది. మీరు ఇవ్వాళ కొనడం ఆపేసినా రిటైరయ్యాక కూడా అదే ఇంకుతో రాస్తుంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎన్ని బుడ్డీలున్నాయన్నది అసలు సమస్య కాదు, మూత తియ్యనివి ఎన్నున్నాయన్నదే సమస్య. మూత తియ్యని బుడ్డీ మీకు ఏ రంగూ చూపించలేదు, దాని మీద పెట్టిన డబ్బు కొన్న రోజు ఉత్సాహానికే ఖర్చయిపోయింది. ఈ ఆదివారం ఒక మంచి నోట్‌బుక్ తీసుకుని 40 ఇంకులతోనూ ఒక్కో పేరా రాయండి. పెన్నులన్నీ నింపక్కర్లేదు, ముంచి రాసే కలం ఒకటి చాలు. ఒక్కో ఇంకుకి పక్కన పేరు, తేదీ, ఏ పాళీతో రాశారో, ఎంతసేపటికి ఆరిందో రాసుకోండి. అది పూర్తయ్యేసరికి మీకు నచ్చినవి పదో పన్నెండో అని తేలిపోతుంది, ఎందుకంటే నీలాల్లో మూడు నాలుగు ఇంచుమించు ఒకటే అయ్యుంటాయి. మిగతావి పంచండి, మారకం వేయండి, సగం ధరకి అమ్మేయండి. ఇక ఆ పార్శిళ్లు మాత్రం రేపటి నుంచే ఇంటి అడ్రసుకి రానివ్వండి. మీ ఆవిడ ఏమీ అనరని మీరే రాశారు కదా, ఆ నోట్‌బుక్ ఆవిడకే ముందు చూపించండి, ఏ రంగు నచ్చిందో అడగండి.

ప్రశ్న: సార్, నేను బీటెక్ రెండో సంవత్సరం. నీలం రంగే గానీ వెలుతురులో ఎర్రగా మెరిసే ఇంకు కొన్నాను. సెమిస్టర్ పరీక్షల్లో దాంతో రాయొచ్చా?
(విద్యార్థి, భీమవరం)

జవాబు: వద్దు తమ్ముడూ. దాన్ని షీన్ అంటారు. రంగు చాలా ఎక్కువ కలిపిన ఇంకు కాగితంలోకి ఇంకకుండా పైనే గట్టిపడి ఆ ఎర్ర మెరుపు ఇస్తుంది. ఇంకే గుణం తక్కువున్న ఖరీదైన కాగితం మీదే అది కనిపిస్తుంది. పరీక్షలో ఇచ్చే ఆన్సర్ బుక్‌లెట్ కాగితం ఇంకుని చటుక్కున పీల్చేస్తుంది కాబట్టి మెరుపు కనపడదు సరికదా, అక్షరం చుట్టూ మీసాల్లా పాకుతుంది, అవతలి పేజీకి దిగుతుంది. పైగా ఇలాంటివి ఆరడానికి చాలాసేపు తీసుకుంటాయి, ఆరాక కూడా చేతి చెమట తగిలితే అలుక్కుపోతాయి, మే నెలలో మన భీమవరం పరీక్ష హాలు సంగతి నీకు చెప్పక్కర్లేదు. సన్న పాళీ, మామూలు రాయల్ బ్లూ, అది కామెల్ అయినా బ్రిల్ అయినా ఏదైనా ఫరవాలేదు. మెరిసేది ఇంట్లో నోట్సుకి ఉంచుకో.

ప్రశ్న: అయ్యా, మా నాన్నగారు వాడిన రాజమండ్రి రత్నం పెన్ను నా దగ్గరుంది, నల్ల ఎబొనైట్‌ది, డ్రాపర్‌తో ఇంకు పోసే రకం. సగం ఇంకు అయిపోయేసరికి ఒక్కసారిగా బొట్టు కక్కుతోంది. ఎండాకాలం మరీ ఎక్కువ. పెన్ను పాడైందంటారా? దీనికి ఏ ఇంకు మంచిది?
(విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. పెన్నుకి ఏ లోపమూ లేకపోవచ్చు. బ్యారెల్లో ఇంకు తగ్గేకొద్దీ ఆ ఖాళీలో గాలి చేరుతుంది, మన చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని నాలిక (పాళీ కింద ఇంకు పారే ముక్క) మీదుగా బయటికి నెడుతుంది. గాలి ఎంత ఎక్కువుంటే అంత తోస్తుంది, సగం తగ్గాకే కక్కడానికి కారణం అదే. ఎబొనైట్ అంటే గంధకంతో గట్టిపరిచిన రబ్బరు, వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు, అయినా మన రోహిణి కార్తె ఎండలకి ఏదీ పూర్తిగా ఆగదు. మూడో వంతు మిగిలి ఉండగానే మళ్లీ నింపేయండి. రాసే ముందు పాళీ పైకి ఉండేలా పెన్నుని కాసేపు చేతిలో పట్టుకోండి, వేడెక్కిన గాలి ఇంకుని కాకుండా తననే బయటికి పంపుకుంటుంది. మర బిగించే చోట కారుతుంటే కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి, వాజలిన్ వద్దు, అది రబ్బరుకి మంచిది కాదు.

ఇంకు విషయానికొస్తే, తేలికగా కడిగితే పోయే మామూలు నీలమే పొయ్యండి. బంగారు రజను కలిపిన షిమ్మర్ ఇంకులు, కార్బన్ ఇంకులు ఈ పెన్ను దరిదాపులకి రానివ్వకండి. డ్రాయింగ్ వాళ్లు వాడే ఇండియన్ ఇంకు అసలే వద్దు, దాంట్లో లక్క ఉంటుంది, లోపల గట్టిపడితే నాలిక మళ్లీ పనికిరాదు. కడిగేటప్పుడు చన్నీళ్లు మాత్రమే, వేన్నీళ్లు తగిలితే ఎబొనైట్ నలుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, ఎండలో పెట్టినా అంతే.

ఈ పెన్ను సంగతి తెలియని చిన్నవాళ్ల కోసం ఒక మాట. స్వదేశీ ఉద్యమం రోజుల్లో కె.వి. రత్నం గారు రాజమండ్రిలో చేత్తో పెన్నులు తయారుచేయడం మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను వాడి చూసి, విదేశీ పెన్నులకి బదులు ఇది బాగానే పనికొస్తుందని 1935లో వార్ధా నుంచి గాంధీజీ ఉత్తరం రాశారు. విదేశీ ఇంకు బుడ్డీ కోసం నెలల తరబడి ఎదురుచూసే మన కుర్రాళ్లు గోదావరి ఒడ్డునే ఇలాంటి పెన్నులు పుట్టాయని ముందు తెలుసుకోవాలి.

ప్రశ్న: అన్నయ్యగారూ, ఒక ఆకుపచ్చ ఇంకు ఏడాదిగా వాడలేదు. ఇవ్వాళ మూత తీస్తే పైన తెట్టులా ఉంది, ముక్కిన వాసన వస్తోంది. ఖరీదు పెట్టి కొన్నది. వడగట్టి వాడుకోవచ్చా?
(గృహిణి, నరసాపురం)

జవాబు: వద్దమ్మా, పారబోసెయ్యండి. అది బూజు. వడగడితే కంటికి కనిపించేది పోతుంది, కనిపించనిది పెన్నులోకి వెళ్తుంది, అక్కడి నుంచి తర్వాత ముంచిన ప్రతి బుడ్డీలోకీ. ఆ ఇంకు తాగిన పెన్ను ఏదైనా ఉంటే విప్పి బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే మళ్లీ నింపండి. పాతకాలం ఇంకుల్లో బూజు పట్టకుండా ఫినాల్ దండిగా వేసేవారు, ఇప్పుడు దాన్ని చాలామంది తగ్గించారు. సముద్రం పక్కన మన ఊళ్ల తేమ సంగతి తెలిసిందే కదా. అందుకని నా సలహా, పెన్నుని ఎప్పుడూ అసలు బుడ్డీలో ముంచకండి. శుభ్రమైన సిరంజితో చిన్న సీసాలోకి కొంచెం తీసుకుని, అక్కడి నుంచి నింపుకోండి. మిగిలింది తిరిగి బుడ్డీలో పొయ్యకండి. పెన్ను కడగడానికి బోరు నీళ్లు వాడుతుంటే మానండి, మీ వైపు ఉప్పు ఎక్కువ. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చుకోండి, చవక, చాలాకాలం వస్తుంది.

ప్రశ్న: లిమిటెడ్ ఎడిషన్ అనగానే టెన్షన్ వచ్చేస్తుంది సార్, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ దొరకదేమో అని. ఏం చెయ్యాలి?
(మెడికల్ షాపు యజమాని, మండపేట)

జవాబు: ఆ టెన్షన్ మీద నడిచే వ్యాపారం అది. 2019లో డయామైన్ వాళ్లు డిసెంబరు నెలకి ఒక పెట్టె మొదలుపెట్టారు, రోజుకో తలుపు తీస్తే రోజుకో చిన్న బుడ్డీ, మొత్తం 25. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను, నాకూ ఇష్టమే. కానీ ఆ రంగుల్లో ఎక్కువమందికి నచ్చినవి తర్వాత మామూలు బుడ్డీల్లోనూ వచ్చాయి. కాబట్టి దొరకదు అన్నమాట ప్రతిసారీ నిజం కాదు. మీరు ముందు శాంపిల్ తెప్పించుకోండి, మన దేశంలోనూ కొందరు అమ్మకందార్లు రెండు మిల్లీలీటర్లు, అయిదు మిల్లీలీటర్ల సీసాల్లో ఇస్తున్నారు. రెండు మిల్లీలీటర్లంటే రెండుసార్లు నింపుకోవచ్చు, ఒక రంగు మీకు పడుతుందో లేదో తేలడానికి అది చాలు. శాంపిల్ అయిపోయాక మళ్లీ కావాలనిపిస్తేనే బుడ్డీ కొనండి. ఇంకో మాట, మన ఇంకుల్ని వదిలెయ్యకండి. రాజ్‌షాహీలో (ఇప్పటి బంగ్లాదేశ్) 1934లో స్వదేశీ పట్టుదలతో పుట్టి తర్వాత కలకత్తాకి మారిన సులేఖా మధ్యలో మూతపడి మళ్లీ తెరుచుకుంది, ఇప్పుడు ఫౌంటెన్ పెన్ను ఇంకులు చేస్తోంది. కేరళలో కృష్ణా ఇంకుల రంగులు విదేశాల్లో కూడా అడిగి కొనుక్కుంటున్నారు.

ప్రశ్న: మా తాతగారు కరక్కాయతో ఇంకు కాచేవారట. నేనూ కాచి పెన్నులో పోసుకోవచ్చా?
(ఉపాధ్యాయిని, తణుకు)

జవాబు: కాచుకోండి, పిల్లలకి తప్పకుండా చూపించండి, పెన్నులో మాత్రం పొయ్యకండి. కరక్కాయ కషాయంలో అన్నభేది (ఇనుము ఉండే ఒక లవణం) కలిపితే కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. రాసినప్పుడు పలచగా కనిపించి, గాలి తగిలేకొద్దీ కాగితం మీదే ముదురుతుంది, పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. యూరప్‌లో వందల ఏళ్లు మాచికాయతో కాచిన ఇంకు కూడా ఈ పద్ధతిదే. ఇంట్లో కాచినదాంట్లో అడుగున మడ్డి దిగుతుంది, పులుపు ఎక్కువుంటే స్టీలు పాళీని తినేస్తుంది, ఏళ్లు గడిస్తే కాగితాన్నీ కొరుకుతుంది. వెదురు కలమో ముంచి రాసే పాళీయో అయితే బ్రహ్మాండంగా ఉంటుంది, రాశాక వెంటనే కడిగేయండి. ఇదే రకం ఇంకు ఫౌంటెన్ పెన్నుకి తగ్గట్టు పలచగా చేసి కంపెనీలు అమ్ముతున్నాయి, అవి పోసుకోవచ్చు, పెన్నులో వారాల తరబడి వదిలెయ్యకుండా ఉంటే చాలు.

ప్రశ్న: జూలైలో గోదావరికి ఎర్రనీళ్లు వస్తాయే, ఆ రంగు ఇంకు ఎంత వెతికినా దొరకలేదు. రెండు ఇంకులు కలిపి చేసుకోవచ్చా?
(లాంచీ ఉద్యోగి, కోటిపల్లి)

జవాబు: చేసుకోవచ్చు. ఒకే కంపెనీ, ఒకే వరస ఇంకులు తీసుకోండి. వేరే వేరే కంపెనీలవి కలిపితే ఒకదాని ఆమ్లగుణం ఇంకోదానికి పడక విరిగి ముద్ద కట్టే ప్రమాదం ఉంది. గోధుమ రంగు పది చుక్కలు, నారింజ మూడు చుక్కలతో మొదలుపెట్టండి, ఎరుపు వేస్తే మాత్రం ఒక్క చుక్కే, అది మిగతా రంగుల్ని మింగేస్తుంది. మరీ మెరుస్తుంటే నలుపు ఒక్క చుక్క వేస్తే మట్టి జీర వస్తుంది. గాజు సీసాలో కలిపి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచండి, అడుగున ఏమీ దిగకపోతేనే పెన్నులో పొయ్యండి. ఎన్ని చుక్కలు వేశారో ప్రతిసారీ రాసుకోండి, లేకపోతే ఆ రంగు మళ్లీ రాదు. కుదిరాక ఆ పాళ్లతో పాటు, ఆ ఇంకుతోనే రాసిన ఉత్తరం పంపండి, ఈ పేజీలో వేస్తాం.