భూకంపంలో కరెంటు పోతే డ్యాంపర్ గతేమిటి?

ప్రశ్న: భవనం ఊగకుండా ఎం.ఆర్. (మాగ్నెటోరియోలాజికల్, అంటే అయస్కాంత శక్తికి బిగిసే ద్రవం నింపిన) డ్యాంపర్లు పెడతారని చదివాను. భూకంపం వస్తే మొదట పోయేది కరెంటే కదా! అప్పుడు అవి ఎందుకు పనికొస్తాయి?
– సివిల్ విద్యార్థి, విజయవాడ

జవాబు: అడగవలసిన ప్రశ్నే. ఈ డ్యాంపర్ లోపల ఉండేది సిలికాన్ నూనె వంటి దాంట్లో కలిపిన ఇనుప రజను. రేణువు సైజు కొన్ని మైక్రాన్లు, ఘనపరిమాణంలో 20 నుంచి 40 శాతం ఇనుమే. పిస్టన్‌కు చుట్టిన కాయిల్‌లో కరెంటు పారితే అది అయస్కాంతమై, రజను గొలుసులు కట్టి, ద్రవం కొన్ని మిల్లీసెకన్లలో పేరిన వెన్నలా బిగుస్తుంది. ఆపితే మళ్లీ నూనె. 20 టన్నుల బలాన్ని ఇచ్చే డ్యాంపర్‌కు కావలసింది 50 వాట్ల లోపే. మామూలు సీలింగ్ ఫ్యాను అంతకన్నా ఎక్కువ తింటుంది. కాబట్టి బ్యాటరీ చాలు. టోక్యోలోని మిరాయికన్ మ్యూజియంలో 2001లో 30 టన్నులవి రెండు బిగించారు.

బ్యాటరీ కూడా పోయిందనుకోండి. అప్పుడది ఉత్త నూనె డ్యాంపర్‌గా మిగులుతుంది. బలం తగ్గుతుంది గానీ, భవనంలోకి కొత్తగా శక్తిని తోయదు కనుక ఊగుడు అదుపు తప్పదు. జాక్‌లతో భవనాన్ని ఎదురు తోసే యాక్టివ్ పద్ధతికి ఈ భరోసా లేదు. అయినా డ్యాంపర్లున్నాయి కదా అని కాలమ్ సైజు తగ్గించే లెక్కను మేం ఒప్పుకోం. అవి లేకున్నా ఫ్రేము ఐ.ఎస్. 1893 (మన దేశపు భూకంప కోడ్) ప్రకారం నిలవాలి.

అసలు తిప్పలు వేరే ఉన్నాయి. ఇనుము నూనెకన్నా ఏడెనిమిది రెట్లు బరువు. ఏళ్ల తరబడి కదలిక లేకపోతే అడుగున మడ్డి పేరుకుంటుంది. అందుకే తనిఖీలో డ్యాంపర్‌ను భవనానికి కలిపే పిన్నును ఒక చివర తీసి, పిస్టన్‌ను కొన్నిసార్లు ఆడించి, వచ్చిన బలాన్ని బిగించిననాటి రీడింగుతో పోల్చాలి. తిరిగి పెట్టేటప్పుడు పిన్ను వదులు చూడండి. 3 మీటర్ల అంతస్తుకు కోడ్ ఒప్పుకునే పక్క కదలిక 0.004 రెట్లు, అంటే 12 మి.మీ. మాత్రమే. అందులో 2 మి.మీ. పిన్ను దగ్గరే వదులైతే చిన్న కుదుపులకు డ్యాంపర్ కదలనే కదలదు. ఇక కరెంటు ఎప్పుడూ నిండుగా ఇచ్చే కంట్రోలర్ ఇంకో తలనొప్పి: డ్యాంపర్ కడ్డీలా బిగిసి, బలమంతా చుట్టుపక్కల కాలమ్‌ల మీద పడుతుంది.

ప్రశ్న: నిటినాల్ (నికెల్-టైటానియం మిశ్రలోహం) కడ్డీ వంగినా మళ్లీ నిటారుగా వస్తుందట. మా ఇంటి స్లాబులో వేయించవచ్చా?
– గృహ యజమాని, వరంగల్

జవాబు: స్లాబులో దండగ. మామూలుగా వేసే ఎఫ్.ఇ. 500 ఉక్కు కడ్డీ సాగి తిరిగొచ్చేది దాదాపు 0.25 శాతం, నిటినాల్ 6 శాతం పైనే. కానీ ధర చాలా ఎక్కువ, బిగువు ఉక్కులో సగం కూడా ఉండదు. భూకంపానికి బాగా వంగే కాలమ్-బీమ్ కీలు దగ్గర, లేదా పాత కట్టడాల్లో దీని పని. 1997 భూకంపంలో దెబ్బతిన్న అస్సీసీ (ఇటలీ) సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికాలో ముక్కోణపు గోడను పైకప్పుకు ఇలాంటి లోహపు తీగల పరికరాలతోనే కట్టారు. వేడి పెరిగే కొద్దీ ఇది బాగా సాగడం మొదలయ్యే ఒత్తిడి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 6 నుంచి 7 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత). తెల్లవారుజామున 20, మధ్యాహ్నం 45 డిగ్రీలుండే చోట ఆ తేడా 150 మెగాపాస్కల్స్ లేదా ఆపైనే ఉంటుంది, లెక్కలో పెట్టాలి. వెల్డింగ్ మాత్రం వద్దు, ఆ వేడికి గుణమే పోతుంది. కప్లర్లతోనే (కడ్డీల చివరలను జోడించే గొట్టాలు) కలపాలి.