మా మామగారికి ప్రతిదాని మీదా కోపమే

ప్రశ్న: మాది తెనాలి. మా మామగారికి 69 ఏళ్లు. తపాలా శాఖలో 36 ఏళ్లు పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేశారు. ఏడాదిన్నరగా ఆయనకు ప్రతి విషయం మీదా కోపమే. బ్యాంకులో సరిగా మాట్లాడరని, కస్టమర్ కేర్‌లో మనిషే పలకడని, ఈ కాలం పిల్లలకు మర్యాద లేదని, ఏ పార్టీ వచ్చినా దోచుకోవడమేనని పొద్దున పేపరు తెరిచింది మొదలు రాత్రి టీవీ చర్చలు ముగిసేదాకా అంటూనే ఉంటారు. పింఛను కోసం నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి వేలిముద్ర పడలేదని ఆయనను రెండుసార్లు తిప్పి పంపారు. మూడు నెలల క్రితం ఏటీఎంలో నగదు రాకుండానే ఖాతాలో 10,000 రూపాయలు తగ్గాయి. నాలుగుసార్లు తిరిగితే 23వ రోజున జమ చేశారు. డబ్బు వచ్చేసినా ఆ గొడవ ఇంకా వదలడం లేదు. మొన్న సరుకులు తెచ్చిన కుర్రవాడిని గుమ్మంలో నిలబెట్టి కేకలేశారు. పండక్కి వచ్చిన మా ఆడపడుచు భర్తతో రాజధాని విషయమై వాదించి భోజనం మధ్యలో లేచిపోయారు. అప్పటి నుంచి వాళ్లు రావడం లేదు. ఆయన మాట మొదలుపెట్టగానే మా వారు ఫోను తీసుకొని మేడ మీదికి వెళ్లిపోతారు. మా అత్తగారు పోయి రెండేళ్లయింది. రోజంతా వినవలసింది నేనే. ఆయన నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు, కానీ వినే ఓపిక నాకు అయిపోయింది. ఆయనను ఎలా మార్చాలి?

జవాబు: "డబ్బు వచ్చేసినా ఆ గొడవ ఇంకా వదలడం లేదు" అని మీరు రాసిన మాట దగ్గరే మొదలుపెడతానమ్మా. ఆ విషయంలో న్యాయం మీ మామగారి వైపే ఉంది, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఆయనతో అని ఉండరని నా అనుమానం. ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో తగ్గిన మొత్తాన్ని లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలని, అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారాన్ని ఖాతాదారు అడగకపోయినా చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న బ్యాంకులను ఆదేశించింది. 23వ రోజున జమ అయిందంటే ఆలస్యం 18 రోజులు, అంటే ఆయనకు ఇంకా 1,800 రూపాయలు రావాలి. పాసుపుస్తకం ఒకసారి చూడండి. ఆ మొత్తం జమ కాకపోయి ఉంటే ఆయన ఫిర్యాదు ఈ రోజుకీ తీరలేదు. మీరందరూ ముగిసిపోయిందనుకున్న దాన్ని ఆయన పట్టుకొని ఉండడాన్ని చాదస్తం అనడానికి వీల్లేదు.

ఆయన ఉద్యోగాన్ని కూడా ఒక్కసారి తలచుకోండి. మనియార్డరు డబ్బు లెక్కపెట్టి వృద్ధుల చేతిలో పెట్టి, చదువు రానివారికి ఫారాలు నింపి, ఇంకు ప్యాడు మీద వారి వేలు అద్దించి ముద్ర వేయించుకొని పంపే కౌంటరుకు అవతలివైపు 36 ఏళ్లు కూర్చున్న మనిషి ఆయన. ఎంతమంది వేలిముద్రలు తీసుకున్నారో లెక్క ఉండదు. అటువంటి మనిషి తన వేలిముద్రను యంత్రం ఒప్పుకోక, తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోలేక ఇంటికి తిరిగి వచ్చిన రోజు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. వయసు పెరిగేకొద్దీ వేలి గీతలు అరగడం సహజం. అందుకే 2021 నవంబరు నుంచి ముఖాన్ని ఫోను కెమెరాకు చూపించి ఆ పత్రం ఇచ్చే వీలు కల్పించారు, ఈసారి మీ వారు పది నిమిషాలు కూర్చుంటే ఇంట్లోనే ఆ పని అయిపోతుంది. ఆయన చేసిన శాఖలోనూ మార్పులు ఆగలేదు. తరతరాలుగా జనం నమ్మిన రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. మీకూ నాకూ అది పేపరులో చదివి పక్కన పెట్టే వార్త కావచ్చు, జీవితమంతా ఆ రసీదులు రాసిన చేతికి మాత్రం అలా కాదు.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయిన సంగతి మరొకటి ఉంది. మీ అత్తగారు పోయి రెండేళ్లు, ఆయన కోపం మొదలై ఏడాదిన్నర. ఆమె ఉన్న రోజుల్లోనూ ఆయన ఇవే మాటలు అని ఉంటారు, కాకపోతే వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకొని ఆమెతో అనేవారేమో, "ఊరుకోండి, కాఫీ తాగండి" అనే మాటతో అవి అక్కడే ఆగిపోయి ఉంటాయి. ఇప్పుడు ఆ మాటలకు చోటు లేక ఇల్లంతా తిరుగుతున్నాయి. ఆ చోటును మీరు పూరించాలని నేను అనడం లేదు. అది మీ పని కాదు, మీ వల్ల అయ్యేదీ కాదు.

మీ ప్రశ్న ఆయనను ఎలా మార్చాలన్నది. ఈ వయసులో ఆయన స్వభావాన్ని మార్చాలని చూడకండి. దానికి బదులు, తీరగల ఫిర్యాదును తీరే దారిలోకి పంపండి. ఏటీఎం సంగతినే తీసుకోండి. ఏ తేదీన, ఏ సమయాన, ఏ ఏటీఎంలో ఈ పొరపాటు జరిగిందో, డబ్బు ఏ తేదీన జమ అయిందో, పరిహారం ఎంత రావాలో రాసి బ్యాంకు శాఖకు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. ఆన్‌లైన్‌లోనే పెట్టాలన్న నిబంధన కూడా లేదు, చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి కాగితం మీద రాసి తపాలాలో పంపినా తీసుకుంటారు. ఈ ఉత్తరం ఆయన చేతే రాయించండి. మీరు టైపు చేసి పెడతానని అనకండి. దస్త్రం నడపడం ఆయనకు వచ్చినంత బాగా మీ ఇంట్లో ఎవరికీ రాదు, ఆ పనిలో ఆయన మీద మీరు ఆధారపడడం ఆయనకు కనిపించాలి. బ్యాంకు కాక వేరే వస్తువులు, సేవల గురించైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. వీధి కాలువ, దీపాల వంటివాటికి సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు.

అయితే సరుకులు తెచ్చిన కుర్రవాడి విషయంలో నేను ఆయన పక్షాన లేను. ఆ కుర్రవాడు ధర నిర్ణయించలేదు, సమయం నిర్ణయించలేదు, కస్టమర్ కేర్‌లో మనిషికి బదులు రికార్డు చేసిన గొంతును పెట్టిందీ అతను కాదు. కౌంటరు వెనుక కూర్చొని పై అధికారుల తప్పుకు జనం చేత మాటలు పడిన అనుభవం మీ మామగారికి తప్పకుండా ఉండి ఉంటుంది. ఆ అనుభవాన్నే ఆయనకు గుర్తు చేయాలి, కానీ ఆ మాట మీరు చెప్పకూడదు, ఆయన కొడుకు చెప్పాలి. అప్పటికప్పుడు గుమ్మంలో కాకుండా మరునాడు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పాలి.

రాజకీయాల గురించి ఎక్కువ చెప్పను. 2015లో అమరావతికి శంకుస్థాపన, 2020లో మూడు రాజధానుల చట్టం, మరుసటి ఏడాది దాని ఉపసంహరణ, 2025లో పనుల పునఃప్రారంభం, ఇవన్నీ మీ ఊరికి దగ్గరలోని ప్రాంతం చుట్టూ తిరిగినవే. పదేళ్లుగా భూముల ధరలనూ బంధువుల తగాదాలనూ కళ్లెదుట చూసిన తెనాలి మనిషికి దీని మీద గట్టి అభిప్రాయం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. అల్లుడి అభిప్రాయం వేరుగా ఉండడమూ తప్పు కాదు. వారిద్దరిలో ఎవరిది సరైనదో తేల్చే పని మీరు పెట్టుకోకండి. భోజనాల దగ్గర టీవీ కట్టేయడం ఒక్కటే మీ చేతిలో ఉన్న పని. ఇక అల్లుడిని మళ్లీ పిలవవలసింది మీ మామగారే, ఫోనులో కాకపోయినా రెండు వాక్యాల కార్డు రాసి అయినా పిలవవచ్చు. ఆడపిల్ల పుట్టింటికి రాకపోవడం ఆయనను లోపల ఎంత బాధిస్తోందో మీకు పైకి కనిపించకపోవచ్చు.

మీ వారి గురించి కాస్త కఠినంగానే రాయవలసి వస్తోంది. తండ్రి నోరు తెరవగానే మేడ ఎక్కే కొడుకు తన బాధ్యతను భార్య మీద వదిలి వెళ్తున్నాడు. రోజూ సాయంత్రం అరగంట, ఫోను లేకుండా, తండ్రి పక్కన కూర్చోమని ఆయనతో చెప్పండి. సలహాలు ఇవ్వనక్కరలేదు, ఒప్పుకోనక్కరలేదు, వింటే చాలు. ఈ జవాబును ఆయనకు చూపించినా నాకు అభ్యంతరం లేదు. మధ్యాహ్నం రెండు గంటలు మీకోసం ఉంచుకొని, "మామయ్యగారూ, ఈ సంగతి సాయంత్రం ఆయన వచ్చాక మాట్లాడుకుందాం" అని చెప్పడం అమర్యాద కాదు.

ఇంకొక్క జాగ్రత్త. ఆయన టీవీ శబ్దం బాగా పెంచుతున్నారా, చెప్పిన మాటనే మళ్లీ అడుగుతున్నారా గమనించండి. వినికిడి తగ్గినవారికి కౌంటరు అద్దం వెనుక నుంచి వచ్చే మాటా, "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే ఫోను గొంతూ సగమే వినపడతాయి, దానితో ఎదుటివారు కావాలనే విసుక్కుంటున్నారని అనిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో పరీక్ష చేయించండి. నిద్ర, ఆకలి తగ్గడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం రెండు వారాలకు మించి ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు. పెద్ద వయసులో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగానే బయటపడుతుంది. డబ్బు లెక్కల్లో మునుపు లేని పొరపాట్లు వస్తున్నా వైద్యుడికి చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు మీరు ముందుగా ఫోను చేసి ఆయన పరిస్థితి తెలుగులో వివరించవచ్చు, మీ అలసట గురించి కూడా అక్కడ చెప్పుకోవచ్చు.

ముందు ఆ 1,800 రూపాయల ఉత్తరం రాయించండి. స్పీడ్ పోస్టు చేయవలసి వస్తే ఆయనను తన పాత పోస్టాఫీసుకే వెళ్లనివ్వండి, వెంట మనవడిని పంపండి, రసీదును నకలుకు ఎలా అంటించి దాచుకోవాలో ఆయనే వాడికి చూపిస్తారు.