జిల్లా పరిశ్రమల కేంద్రం (డీఐసీ)లో కొత్తగా చేరిన అల్లుడికి

అల్లుడూ,

ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసర్ (ఐపీవో)గా పోస్టింగ్ వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది, మస్తు సంతోషమైంది. నువ్వు అడగలేదు గాని ముప్పై ఏండ్లు అదే డిపార్ట్‌మెంట్ల చేసి రిటైరైనోన్ని, చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు, తీరిక దొరికినప్పుడు చదువుకో.

జాయిన్ కాంగనే నీకు ఫ్యాక్టరీ పర్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ చూపిస్తరు, రోజుల లెక్క చూపిస్తరు. 200 కోట్లు దాటిన మెగా ప్రాజెక్టుకు 15 రోజులు, మిగిలినయాటికి 30, ఆలోపు ఏ సంగతీ చెప్పకుంటే పర్మిషన్ ఇచ్చినట్టే లెక్క, లేట్ చేసిన ఆఫీసరుకు రోజుకు 1000 రూపాయల ఫైన్. 2014ల చట్టం తెచ్చి 2015 జూన్‌ల టీఎస్-ఐపాస్ అనే ఈ పర్మిషన్ల పద్ధతి షురూ చేసినప్పుడు మా ఆఫీసుల కొందరు నవ్విండ్రు, ఎందుకంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2002 చట్టం వచ్చినప్పుడు కూడ సింగిల్ విండో అనే అన్నరు, ముందర కిటికీ ఒక్కటే, దాని వెనక పొల్యూషన్ బోర్డు, ఫైరు, ఫ్యాక్టరీల శాఖోళ్లు, కరెంటోళ్లు, పంచాయతీ, ఎవల తలుపు వాళ్లదే, ఎవల తాళం వాళ్లదే. ఈసారి మాత్రం కొంత కదిలింది. వ్యాపారం పెట్టుడు ఏ రాష్ట్రంల ఎంత అల్కనో చూసే 2015 ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ ర్యాంకుల్ల 13వ ప్లేసుల ఉన్న మన తెలంగాణ 2016ల ఆంధ్రతోని కలిసి ఫస్ట్ వచ్చింది. ర్యాంకు మంచిదే, కాదనను. గాని షెడ్డు కట్టుకునేటోడు ర్యాంకు చూసి రాడు అల్లుడూ, అంతకుముందు షెడ్డు కట్టినోన్ని అడిగి వస్తడు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్త. పోర్టల్ లేని రోజులవి. ఒకామె పేపర్ ప్లేట్ల యూనిట్ పెడతనని వచ్చింది, బట్టల షాపు కవర్ల కాగితాలు మడిచి పెట్టుకొని. ప్లాన్ మీద ఇంజనీర్ సంతకం లేదని పంపిన. పది రోజులకు సంతకంతోని వచ్చింది, లీజు రిజిస్టర్ కాలేదని పంపిన. మూడోసారి వస్తే కరెంటు లోడ్ ఎంతో రాయలేదన్న. మూడూ కరెక్టే, రూల్ ప్రకారమే, అందుకే నాకు తప్పు చేస్తున్న అనిపియ్యలేదు. ఆమె కొట్లాడలేదు, ఏడ్వలేదు, "సారూ, ఏమేం కావాల్నో అన్నీ ఒక్క కాగితం మీద రాసియ్యి, మా పోరడు చదివి చెప్తడు" అన్నది. రాసిచ్చిన, ఏడు ఐటెంలు, అర పేజీ కూడ కాలేదు, పది నిమిషాల పని. వారం తిరగకముందే అన్నీ పట్టుకొచ్చింది. ఆలోపు బ్యాంకు వడ్డీ నెలకు పైనే నడిచింది, మిషను తీసుకొచ్చి ఇంటి ముందర తాటిపత్రి కప్పి పెట్టిందట.

అందుకే షార్ట్‌ఫాల్, అంటే ఫైలుల ఏమేం తక్కువున్నయో, రాసేదుంటే ఒక్కసారే రాయి, అన్నీ రాయి. ఇప్పుడు పోర్టల్ల క్వెరీ పెట్టుడు ఇంకా అల్కగైంది, బటన్ నొక్కితే ఫైలు మన మీదికెళ్లి అవతలోని మీదికి పోతది, గడువు దగ్గరికొచ్చిన రోజే క్వెరీలు ఎందుకు పుడతయో నువ్వే చూస్తవు. మన ఐపాస్ చట్టం పేరుల్నే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఉన్నది, వాడు రాసిచ్చింది నమ్ము, అబద్ధమైతే తర్వాత పట్టుకో.

పెద్ద కంపెనీలు నీ దాక రావు, సీదా హైదరాబాద్ పోతయి. కియా చూడు, అది కూడ 2017ల సీదా ఆంధ్ర సర్కారుతోని ఒప్పందం, 2019ల పెనుకొండ దగ్గర ఎర్రమంచి నుంచి కార్లు బయటికొచ్చినయి, కరువు జిల్ల అయినా గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లున్నయి. నీ టేబుల్ మీదికి వచ్చేది రైస్ మిల్లు, గ్రానైట్ కటింగ్, పశువుల దాణ. వాళ్లకు కూడ అవే కావాలె, నీళ్లు, కరెంటు, లారీ తిరిగే తొవ్వ. అప్లికేషన్ పట్టుకొచ్చినోన్ని ముందు సర్వే నంబర్ అడుగు, నాలా, అంటే సాగు భూమిని వేరే పనికి మార్చుకునే పర్మిషన్, అయ్యిందా అడుగు, కుదిరితే బండేసుకొని పోయి చూడు. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరంల ఉన్నదో పోర్టల్ చెప్పదు.

ఇంకోటి, సబ్సిడీ తారీఖు ఎవ్వరికీ చెప్పకు. శాంక్షన్ కాగితం వేరు, పైసలు ఖాతాల పడుడు వేరు, మధ్యల ఏండ్లకేండ్లు పోతయి. ఆ సబ్సిడీ లెక్కేసుకొని అప్పు తెచ్చి మునిగినోళ్లను చూసిన. అది లేకుండనే యూనిట్ నడుస్తదా లెక్క చూసుకొమ్మని చెప్పు, బాధపడితే పడనీ.

మొదటి వారంల కొత్తోళ్ల ఫైళ్లు పట్టకు. మీ జిల్లల పాత ఇండస్ట్రియల్ ఎస్టేట్ ఉంటది గదా, పొద్దుగాల పోయి మూతపడ్డ షెడ్లు లెక్కపెట్టు, ఎందుకు పడ్డయో పక్క షెడ్డోన్ని, వాచ్‌మెన్‌ను అడుగు, చాయ్ తాగుకుంట అడుగు, ఐపీవోనని ముందే చెప్పకు. నోట్‌బుక్‌ల రాసుకో. దసరాకు వస్త, అప్పుడు చూపియ్యి.

అక్కను, బావను అడిగినట్టు చెప్పు.

మీ మామ