కిడ్నీ మార్పిడి తర్వాత మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చేయాలి?

మీ అమ్మగారికి ఆపరేషన్ అయి నాలుగు నెలలే, అప్పుడే రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చిందంటే కంగారు పడటంలో తప్పులేదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు మొదటి ఏడాదిలో ఎక్కువగా వచ్చేది ఇదే, ఆడవాళ్లకు మరీను. మా అమ్మ నాకు కిడ్నీ ఇచ్చింది. నాకూ ఆ మొదటి ఏడాదిలోనే వచ్చింది.

అన్నిటికన్నా కష్టం డయాలసిస్ నాటి అలవాట్లు వదలడం. అప్పుడు ప్రతి గుక్కకూ లెక్కే కదా. ఆపరేషన్ అయ్యాక రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగమన్నా చెయ్యి నీళ్ల దగ్గరికి పోయేది కాదు. లీటరు సీసాలు పొద్దున్నే నింపి వంటగట్టు మీద వరసగా పెట్టుకుంటే గానీ దారిలో పడలేదు. అమ్మగారికి డాక్టరు ఎంత చెప్పారో అంతే తాగించండి. మూత్రం అస్సలు ఆపుకోకూడదు. కొత్త కిడ్నీ గొట్టాన్ని మూత్రాశయానికి కొత్తగా అతికిస్తారు, నిండుగా ఉంటే మూత్రం పైకి ఎగదన్నొచ్చు. రెండు మూడు గంటలకోసారి వెళ్లాల్సిందే. బస్సెక్కాలని నీళ్లు మానేయడం మన ఆడవాళ్లకు మామూలే, అది ఇక కుదరదు. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి. మలబద్ధకం రానివ్వకండి.

మంట అనగానే చుట్టాలు కొబ్బరినీళ్లు, కొండపిండాకు రసం అంటారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే టాక్రోలిమస్, ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ మాత్రలు కూడా పొటాషియం పెంచేవే. డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు. పసర్లు అసలే వద్దు.

ఇంకోటి, కొత్త కిడ్నీకి నరాలు తెగిపోయి ఉంటాయి, నొప్పి సరిగా తెలియకపోవచ్చు. స్టెరాయిడ్ వల్ల జ్వరమూ పైకి కనపడదు. 100 డిగ్రీలు దాటినా, మూత్రం మబ్బుగా ఉన్నా, తగ్గినా ఆరోజే ఫోన్ చేయండి. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయొద్దు, కొన్ని టాక్రోలిమస్ లెవెల్‌ని అమాంతం పెంచేస్తాయి. మొదటి మాత్ర పడకముందే, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్‌కి ఇవ్వాలి, అదీ మొదట కాస్త వదిలేసి మధ్యలో పట్టిన మూత్రం.

రెండుసార్లు వచ్చిందన్నారు కాబట్టి డీజే స్టెంట్ (ఆపరేషన్‌లో కొత్త కిడ్నీ గొట్టంలో పెట్టే సన్నని ట్యూబు) తీసేశారో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూడండి. మామూలుగా కొన్ని వారాల్లోనే తీసేస్తారు. తీసేసి ఉంటే, మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్ చేయమని అడగండి. పాత కల్చర్ రిపోర్టులు రెండూ వెంట తీసుకెళ్లండి, రెండుసార్లూ ఒకే క్రిమి వచ్చిందా అన్నది డాక్టరుకు బాగా పనికొస్తుంది.